ఏటికొప్పాక వెళ్ళొద్దామనుకుంటున్నాం: వరహా నది ఒడ్డున ఒక్కరోజు, పిల్లలతో

ఎంవీపీ_ఇల్లాలు
అందరికీ నమస్కారమండీ. కార్తీకమాసం దగ్గరపడింది. ఏటా వనభోజనాలకని కంబాలకొండో, రుషికొండో, ఓపికుంటే అరకో వెళ్తున్నాం. కార్తీకంలో ఆదివారం అరకు ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఈసారి జనం పలచగా ఉండే ఒక పల్లె, పక్కన ఏరు, పిల్లలు కళ్ళారా చూసి తెలుసుకోడానికి ఏదో ఒక పని జరుగుతూ ఉండే చోటు కావాలని మా ఆయనా నేనూ అనుకున్నాం. లక్కబొమ్మల ఏటికొప్పాక మనసులో పడింది.

మాతో మా అత్తగారు వస్తారు, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరు పిల్లలు. సొంత కారుంది. బొమ్మలు చేస్తుండగా దగ్గరుండి చూడనిస్తారా? ఏట్లో దిగొచ్చా? భోజనం ఇంటినుంచి పట్టికెళ్ళాలా, అక్కడ దొరుకుతుందా? చుట్టుపక్కల ఇంకేం కలుపుకోవచ్చు? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారని ఆశ.

లంకెలపాలెం_బైకర్
దారి చాలా సులువు మేడమ్. వైజాగ్ నుంచి అరవై అయిదు కిలోమీటర్ల లోపే. ఎన్ఏడీ, గాజువాక, లంకెలపాలెం, అనకాపల్లి, కశింకోట, ఎలమంచిలి. అంతా 16వ నంబరు హైవేనే. ఎలమంచిలి దాటి అడ్డరోడ్డు వైపు పోతుంటే ఊళ్ళోకి తిరగాలి. మొదటిసారి కాబట్టి మ్యాప్ పెట్టుకోండి. గాజువాక దాటడమే అసలు ప్రయాణం. పొద్దున్నే ఆరింటికల్లా ఎన్ఏడీ దాటేస్తే తర్వాత రోడ్డు మీదే.

కారు లేనివాళ్ళ కోసం కూడా రాస్తున్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో తుని వైపు వెళ్ళే బస్సెక్కి ఎలమంచిలిలోగానీ అడ్డరోడ్డులోగానీ దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. రైలయితే నర్సీపట్నం రోడ్ స్టేషన్. పేరు చూసి నర్సీపట్నంలో దిగుతామనుకునేవాళ్ళున్నారు. ఆ స్టేషన్ హైవే వైపు ఉంది, నర్సీపట్నం ఊరు అక్కడికి చాలా దూరం. అన్ని బళ్ళూ ఆగవు, టైము చూసుకునే బయల్దేరండి.

సీతమ్మధార_శ్రీను
నా అభిప్రాయం చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. బొమ్మల పని చూడ్డం ముప్పావుగంటలో అయిపోతుంది. అక్కడ పార్కు లేదు, బోటింగ్ లేదు, కూర్చుని తినడానికి మంచి హోటల్ లేదు. ఏట్లో వానాకాలం వెళ్ళాక నీళ్ళకన్నా ఇసకే ఎక్కువ. పిల్లలతో రోజంతా అంటే కష్టం. తాటిపూడి రిజర్వాయర్ వైపు వెళ్ళండి. గోస్తనీ నది, కొండలు, నీళ్ళు, అన్నీ ఉన్నాయి. బొమ్మలు ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూములోనూ దొరుకుతాయి.

వరహా_గట్టు
శ్రీనుగారూ, మాది ఏటికొప్పాకే. మీరు రాసినవి కొన్ని ఉన్నమాటే. పార్కు లేదు, బోటు లేదు. టూరిస్టుల కోసం కట్టిన ఊరు కాదండీ మాది. చెరకు, వరి, సహకార చక్కెర ఫ్యాక్టరీ, బొమ్మలు, వీటి మీద బతికిన ఊరు. ఆ ఫ్యాక్టరీ కూడా 1930ల నాటిది, ఈ దేశంలో మొదట పుట్టిన సహకార మిల్లుల్లో ఒకటి. కానీ ముప్పావుగంటలో అయిపోద్దన్నారు చూడండి, అక్కడే నాకు ఒప్పడం లేదు. కారు దిగీసి, షాపులో నాలుగు బొమ్మలు కొనీసి, ఫోటో తీసీసుకుని వెళ్ళిపోతే ముప్పావుగంట కూడా అక్కర్లేదు. కర్రని తిప్పే మిషను (లేత్) దగ్గర కూర్చుని, ముడి కర్ర నుంచి ఒక్క బొంగరం తయారయ్యేదాకా చూడండి. తర్వాత చెప్పండి.

చెల్లెమ్మా, నువ్వడిగినవాటికి వరసగా చెప్తాను.

పని దగ్గరుండి చూడొచ్చు. చాలామందికి పని ఇంటి దగ్గరే, వీధి అరుగు పక్కనో పెరట్లోనో షెడ్డు వేసుకుని మిషను పెట్టుకుంటారు. అంచేత అది షాపు కాదు, ఒకరి ఇల్లని గుర్తుపెట్టుకుని అడిగి వెళ్ళండి. వద్దనేవాళ్ళు తక్కువ. పిల్లల్ని మాత్రం మిషనుకి ఎదురుగా నిలబెట్టకండి, కర్ర పొట్టు కళ్ళలోకి ఎగురుద్ది. పక్కన నిలబెడితే బాగా కనిపిస్తాది కూడా.

కర్ర అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, రేక సన్నంగా ఉంటాది. కోసిన వెంటనే పనికిరాదు. నెలల తరబడి ఆరాలి, లేకపోతే బొమ్మ తర్వాత పగులుద్ది. ఆరిన ముక్కని మిషనుకి బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తారు. మా తాతల కాలంలో కరెంటు లేదు, ఒకరు తాడు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. రూపు వచ్చాక గరుకు కాగితంతో నున్న చేస్తారు. అప్పుడు రంగు. బ్రష్షు ఉండదు, డబ్బా ఉండదు. రంగు కలిపిన లక్క కడ్డీ తీసుకుని తిరుగుతున్న కర్రకి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టీస్తాది. మొదట మచ్చలు మచ్చలుగా కనిపిస్తాది. అప్పుడు మొగలి ఆకు ముక్క తీసుకుని గట్టిగా అదిమి పట్టుకుంటే ఆ మచ్చలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసి, చూస్తుండగానే అద్దంలా మెరుస్తాది. మా ఇంటికొచ్చిన పిల్లలందరూ నోరు తెరిచీది ఆ క్షణంలోనే.

భోజనం పట్టికెళ్ళండి. ఊళ్ళో టిఫిను, టీ దొరుకుతాయి. వనభోజనమంటే ఎలాగూ మీ వంటలే కదా.

పూర్ణామార్కెట్_పద్మ
మధ్యలో నా సందేహం. ఇవీ కొండపల్లి బొమ్మలూ ఒకటేనా? మా ఇంట్లో చిన్నప్పటి లక్కపిడతలున్నాయి, అమ్మ వాటిని కొండపల్లివి అంటుంది.

వరహా_గట్టు
కాదండీ. కొండపల్లి వాళ్ళది తెల్ల పొణికి కర్ర. భాగాలు విడిగా చెక్కి, చింతగింజల పిండితో అతికించి, పైన కుంచెతో రంగులు వేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, పల్లెపడుచులు అవన్నీ వాళ్ళవి. మాది మిషను మీద తిప్పే పని, అంచేత మా బొమ్మల్లో ఏది చూసినా గుండ్రటి రూపమే. పెళ్ళికొడుకు తలైనా, ఎడ్లబండి చక్రమైనా, కుంకుమ భరిణె అయినా మిషను మీంచి దిగిందే. చేతులూ కాళ్ళూ విడిగా తిప్పి కలుపుతారు. పొయ్యి, తిరగలి, బిందె, జల్లెడ ఇలాంటి లక్కపిడతలు మీ దగ్గరుంటే అవి మావైపువే అయ్యుంటాయి. జాగ్రత్తగా దాచుకోండి.

పూర్ణామార్కెట్_పద్మ
తిరగలి ఉంది! పైరాయి ఇప్పటికీ తిరుగుతోంది. థాంక్స్ అండీ.

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు
లక్క గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పిల్లలు అడిగితే మీరు చెప్పొచ్చు. లక్క అంటే పురుగు పుట్టించే పదార్థం. కెర్రియా లక్కా అనే చిన్న పురుగులు మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద వేలకొద్దీ చేరి రసం పీలుస్తూ, తమ చుట్టూ ఒక జిగురు గూడు కట్టుకుంటాయి. దాన్నే గీరి, కడిగి, కరిగించి లక్క చేస్తారు. మన దేశంలో ఎక్కువగా వచ్చేది జార్ఖండ్ నుంచి. అంటే ఏటికొప్పాక బొంగరంలో మన కొండల అంకుడు కర్రా, ఛోటానాగపూర్ అడవుల లక్కా రెండూ ఉన్నాయి.

రంగులు ఒకప్పుడు మొక్కలవే. మధ్యలో రసాయన రంగులు వచ్చి, చవగ్గా దొరకడంతో పాతవి మరుగున పడ్డాయి. అదే ఊరివాడైన సి.వి.రాజుగారు మళ్ళీ మొక్కల రంగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, చేతివృత్తివాళ్ళకి నేర్పించారు. పసుపు నుంచి పసుపుపచ్చ, నీలిమొక్క నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ, మంజిష్ఠ నుంచి ఎరుపు. పసుపూ నీలం కలిస్తే ఆకుపచ్చ. రంగుని లక్కలో కలిపేటప్పుడు చూడగలిగితే తప్పకుండా చూడండి. నిప్పుల మీద మెత్తబడ్డ లక్కని లాగి, మడిచి, మళ్ళీ లాగి, రంగు అంతటా ఒకేలా పట్టేదాకా అలా చేస్తూనే ఉంటారు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే గిలక్కాయకి ఈ రంగులు కావడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి.

2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్), అంటే ఆ పేరు ఆ ఊరి బొమ్మలకే చెందుతుందనే గుర్తింపు, వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఏటికొప్పాక గురించి, రాజుగారి గురించి చెప్పారు. 2023లో ఆయనకి పద్మశ్రీ. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటం ఏటికొప్పాక బొమ్మలదే.

కొత్తగా_చేరాను
మాస్టారూ, మొక్కల రంగు ఏది, రసాయన రంగు ఏది అని కొనేటప్పుడు ఎలా తెలుస్తుంది?

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు
కంటితో చూసి నూటికి నూరుపాళ్ళు చెప్పడం ఎవరి తరమూ కాదు బాబూ. కళ్ళు జిగేలుమనే గులాబీ, మెరిసిపోయే చిలకాకుపచ్చ కనిపిస్తే అది మొక్కనుంచి రాలేదని అనుకోవచ్చు. మొక్కల రంగు కాస్త లోతుగా, నిండుగా ఉంటుంది. అన్నిటికన్నా మేలు, చేసినవాళ్ళనే అడగడం. పసిపిల్లల కోసం అని చెప్పి అడగండి, ఏది ఇవ్వాలో వాళ్ళే చూసి ఇస్తారు.

ఆరిలోవ_అన్నపూర్ణ
చుట్టుపక్కల చూడాల్సినవి అడిగారు కదా. కార్తీకమాసం కాబట్టి మీ అత్తగారికి బలిఘట్టం చూపించండి. అదీ వరహా నది ఒడ్డునే, నర్సీపట్నం ఆనుకుని. బ్రహ్మలింగేశ్వరస్వామి గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ఏరు అక్కడ ఉత్తరంగా మలుపు తిరిగి పారుతుంది. ఉత్తరవాహిని దగ్గర స్నానం, దీపం అంటే పెద్దవాళ్ళకి ఎంత ఇష్టమో మీకు తెలుసు. బలిచక్రవర్తి యజ్ఞం చేసిన చోటని చెప్పుకుంటారు. శివరాత్రికి పెద్ద తీర్థం (జాతర) జరుగుతుంది. కాకపోతే ఏటికొప్పాక నుంచి ఇంకో గంట ప్రయాణం.

అంత దూరం వద్దనుకుంటే పంచదార్ల. ఎలమంచిలికి దగ్గర, రాంబిల్లి మండలం. కొండలోంచి అయిదు ధారలు ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి, ఎండాకాలంలో కూడా. ధర్మలింగేశ్వరుడి గుడి, పాత శాసనాలు ఉన్నాయి. మెట్లున్నాయి కానీ ధారల దాకా మెల్లగా ఎక్కొచ్చు.

గంటస్తంభం_గణేష్
నేనైతే ఒకే రోజులో బొజ్జన్నకొండ, ఏటికొప్పాక, రేవుపోలవరం బీచ్, ఉపమాక వెంకన్న, అన్నీ పెట్టేస్తాను. పొద్దున్నే అయిదింటికి బయల్దేరితే చాలు. ఇంత దూరం వెళ్ళి ఒక్కటి చూసి రావడమేంటి?

ఆరిలోవ_అన్నపూర్ణ
గణేష్, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ ఉన్నారని చెప్పారు కదమ్మా. బొజ్జన్నకొండ మెట్లు, ఉపమాక కొండ, మళ్ళీ బీచ్ ఇసక! ఆవిడ రోజంతా కార్లోనే కూర్చోవాలి.

లంకెలపాలెం_బైకర్
బొజ్జన్నకొండ మాత్రం వదలొద్దు అంటాను, వేరే రోజైనా సరే. అనకాపల్లి పక్కన శంకరం ఊరు, హైవేకి దగ్గరే. తూర్పున బొజ్జన్నకొండ, పడమర లింగాలకొండ. కొండరాతినే తొలిచి గుహలు, బుద్ధ విగ్రహాలు చేశారు. లింగాలకొండ మీదయితే ఎటు చూసినా రాతి స్తూపాలే, ఒకదాని వెనక ఒకటి వరసలు కట్టి ఉంటాయి. అలెగ్జాండర్ రీ అనే ఆయన 1906లో తవ్వకాలు మొదలుపెట్టాడు. క్రీస్తుశకం 4 నుంచి 9వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం నడిచింది. దాన్ని తిరుగు ప్రయాణంలో సాయంత్రం హడావుడిగా చూడ్డం అన్యాయం. దానికో పొద్దు కేటాయించండి.

వరహా_గట్టు
రేవుపోలవరం మా మండలమే, ఎస్.రాయవరం. సముద్రం ఒడ్డున చిన్న కొండ, దాని మీద మాధవస్వామి గుడి. జాలర్ల ఊరు. పిల్లలు సరదా పడితే వెళ్ళండి గానీ స్నానానికి దిగొద్దు.

ఏరు గురించి కూడా చెప్పాలి. మా వరహా నర్సీపట్నం పైన కొండల్లో పుడతాది. జీవనది కాదు, వాన పడితేనే నీళ్ళు. ఆషాఢం నుంచి పారుద్ది, తుపాన్ల కాలంలో గట్లు తెంచుకుంటాది, మాఘమాసం వచ్చేసరికి ఇసక తేలుద్ది. కార్తీకంలో అంటే ఆ ఏడు వానల్ని బట్టి. పైన గట్టి వాన పడిందని తెలిస్తే ఏటి దగ్గరికి పిల్లల్ని తీసికెళ్ళొద్దు, ఇక్కడ ఎండ కాస్తున్నా పైనుంచి నీరు వచ్చీస్తాది.

ఇంకో మాట. నీళ్ళు మోకాలి లోతే కనిపిస్తాయి. కానీ ఇసక తవ్విన చోట్ల గోతులుంటాయి, పైకి తెలీవు. ఊళ్ళోవాళ్ళు బట్టలుతికే చోటు, గొడ్లని కడిగే చోటు చూసి అక్కడే దిగండి. కొత్తచోట దిగొద్దు. ఇది భయపెట్టడానికి రాయడం లేదు చెల్లెమ్మా. సెలవులకి బయటినుంచి వచ్చిన పిల్లలే ఇక్కడ ఎక్కువ ప్రమాదంలో పడతారు.

వనభోజనానికి మావైపు తోటల్లో ఉసిరి చెట్లు దొరుకుతాయి, రైతుని అడిగితే కాదనడు. తిన్న ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఏట్లోకి వదలకుండా ఒక సంచిలో వేసి పట్టుకెళ్ళిపోతే ఆ రైతు మళ్ళీ ఏడు కూడా రమ్మంటాడు.

సీతమ్మధార_శ్రీను
ఈ గోతుల విషయం మాత్రం అందరూ గట్టిగా పట్టించుకోవాలి. అందుకే రిజర్వాయర్ వైపు వెళ్ళమన్నాను. ఇప్పటికీ నా మాట అదే.

ఎంవీపీ_ఇల్లాలు
ఇన్ని వివరాలు చెప్పినందుకు అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఏటికొప్పాక, వీలుంటే పంచదార్ల, అంతే పెట్టుకున్నాం. బలిఘట్టం పేరు వినగానే మా అత్తగారి మొహం వెలిగిపోయింది, దానికి సోమవారం చూసుకుని విడిగా వెళ్తాం. వరహా గట్టు అన్నగారూ, బేరం ఆడొచ్చా? ఆడితే బాగోదా?

వరహా_గట్టు
ఇద్దరి మధ్య మాట అది, నేను వద్దనకూడదు. లెక్క మాత్రం చెప్తాను. కర్ర ముందే కొని నెలలు ఆరబెట్టాలి, ఆ డబ్బు అక్కడ ఇరుక్కుపోద్ది. అంకుడు కర్ర ఇదివరకంత దగ్గర్లో దొరకడం లేదు. లక్క బయటినుంచి రావాలి. మొక్కల రంగు తీయడానికి పట్టే టైము వేరు. మిషను మీద పదినిమిషాల్లో తిరిగిందని కనిపించే భరిణె వెనక ఇవన్నీ ఉన్నాయి. మూత పెట్టి చూడండి. వేలితో నొక్కితే మెల్లగా దిగి, అంచు ఎక్కడుందో తెలీకుండా కూర్చుండిపోద్ది. ఆ కొలత కంటితోనూ చేత్తోనూ పట్టిందే. మా పిల్లలు ఈ పనిలో ఉంటారా, అనకాపల్లి, అచ్యుతాపురం కంపెనీలకి పోతారా అన్నది ఆ భరిణెకి వచ్చే ధర మీదే ఉంది. చేసినవాళ్ళ దగ్గరే కొంటే మధ్యలో ఎవరికీ పోదు.

ఎంవీపీ_ఇల్లాలు
వెళ్ళొచ్చామండీ! అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

ఆరున్నరకి గాజువాక దాటాం. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వీధిలో ఒకరిని అడిగితే వాళ్ళింటికే తీసికెళ్ళారు. మా అత్తగారికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, అప్పుడు మిషను వేశారు. చేస్తున్నాయన మా చిన్నదాన్ని ఏ రంగు కావాలని అడిగారు. పసుపంది. బొంగరానికి పసుపు పట్టించి, మధ్యలో సన్నని ఎర్ర గీత. ఆ గీత ఎలా వేశారంటే, ఎర్ర కడ్డీ కొసని ఊరికే తాకించి తీసేశారు, అంతే. మొగలి ఆకు పట్టగానే చిన్నది "అమ్మా, తడిసింది" అంది. ముట్టుకుంటే పొడిగానే ఉంది, కాస్త వెచ్చగా. మా పెద్దాడు ఉలి కింద రాలిన పొట్టు గుప్పెడు జేబులో వేసుకున్నాడు, అడిగే వేసుకున్నాడు. తర్వాత వాడు ఒకటే ప్రశ్నలు. అంకుడు చెట్టు కొట్టేస్తే మళ్ళీ వస్తుందా అని. మొదలు ఉంచి కొడితే చిగురేస్తుందని, కానీ లావెక్కడానికి ఏళ్ళు పడుతుందని ఆయన ఓపిగ్గా చెప్పారు.

ఇంటి యజమానురాలు మా అత్తగారితో కబుర్లలో పడ్డారు. ఇద్దరూ లక్కపిడతల పొయ్యి మీద ఏం వండేవారో చెప్పుకుంటూ ఉంటే మేం గంటన్నర దాకా కదల్లేకపోయాం. రంగు వేయడంలో ఆడవాళ్ళ చేతిపని చాలా ఉందని అప్పుడే తెలిసింది.

ఏటిలో నీళ్ళు బాగానే ఉన్నాయి. అన్నగారు చెప్పినట్టే బట్టలుతికే రేవు దగ్గర కాళ్ళు తడుపుకుని, ఒక తోటలో రైతుని అడిగి భోజనం చేశాం. పులిహోర, గుమ్మడికాయ పులుసు, పెరుగన్నం. పంచదార్ల వెళ్ళేసరికి మూడయింది. ధారల కింద పిల్లలు తల పెట్టి ఇవతలికి రానన్నారు. శ్రీనుగారూ, మా పిల్లలకి విసుగు రాలేదు, అది మాత్రం చెప్పగలను.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. దానికి పెళ్ళిబృందం, సన్నాయి మేళం సెట్టు కావాలంటే ముందు చెప్పాలన్నారు. ఎన్ని రోజుల ముందు చెప్పాలి?

వరహా_గట్టు
చాలా సంతోషమమ్మా. ఇప్పుడే చెప్పీయండి, ఆలస్యం వద్దు. ధనుర్మాసంలో ఆర్డర్లు ఎక్కువ, చలికి లక్క పని కూడా మెల్లగా సాగుద్ది. మీరు కూర్చున్న ఇంటివాళ్ళకే ఫోన్ చేయండి, రంగులు కూడా మీకు కావలసినట్టు చేస్తారు.

పూర్ణామార్కెట్_పద్మ
నాకూ ఒక సెట్టు చెప్పాలని ఉంది. మరి వీటిని తుడవడం ఎలా? మా పాత తిరగలి మీద దుమ్ము పట్టి రంగు మాసింది. శానిటైజర్ దూదితో తుడవనా?

రిటైర్డ్_కెమిస్ట్రీ_మాస్టారు
వద్దమ్మా! లక్క నీళ్ళలో కరగదు కానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు ఏది తగిలినా మెరుపు పోయి, రంగు దూదికి అంటుకొచ్చేస్తుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. మరీ జిడ్డుంటే గుడ్డ కాస్త తడిపి, గట్టిగా పిండి తుడిచి, వెంటనే ఆరనివ్వండి. నానబెట్టొద్దు, కర్ర ఉబ్బుతుంది. ఎండలో ఆపిన కారు అద్దం దగ్గర కూడా ఉంచొద్దు, వేడికి లక్క మెత్తబడి పక్కదానికి అతుక్కుంటుంది. కొలువులో దీపాలు పెట్టేటప్పుడు సన్నాయి మేళాన్ని ప్రమిదకి జానెడు దూరంగా ఉంచండి.